బలం సూది

ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాను. టీకా వల్ల పెంటమ్మకు ఏ హానీ జరగలేదు. చెయ్యి రెండు రోజులు నొప్పి పుట్టింది, ఒక పూట ఒళ్లు వెచ్చబడింది, అంతే. అదే టీకా నాకూ వేశారు, నాకూ అంతే. ఈ కథ పట్టుకుని టీకాలు వద్దని ఎవరైనా బయల్దేరితే వాళ్లతో నాకు పొసగదు. పెంటమ్మను దెబ్బతీసింది సూది కాదు, సూదికి ముందు చెప్పిన మాట. ఆ మాట చెప్పింది యాదలక్ష్మి. చెప్పించిన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

నా పేరు సాంబమూర్తి. మాది తణుకు దగ్గర పల్లె. ఒక ప్రభుత్వ కళాశాల ఆఫీసులో గుమాస్తాగా చేరి, ముప్పై నాలుగేళ్ల తర్వాత సూపరింటెండెంటుగా దిగిపోయాను. అంటే బతుకంతా ఫారాలు నింపాను, ఇతరులు నింపిన ఫారాల్లో తప్పులు పట్టాను. మా ఆవిడ నాగేశ్వరి పోయాక వనస్థలిపురంలో అద్దె ఇంట్లో ఒక్కణ్ణే ఏడాది నెట్టుకొచ్చాను. మా అమ్మాయి అమల హయత్‌నగర్‌లో అత్తమామలతో, ఇద్దరు పిల్లలతో రెండు గదుల్లో ఉంటుంది. అక్కడ నాకు మంచం వేసే చోటు లేదు. ఉందని అబద్ధమాడే ఓపిక ఆమెకూ లేదు, నాకూ లేదు. అందుకని ఎల్బీనగర్ రింగురోడ్డు వెనక కాలనీలో 'చల్లని నీడ' అనే వృద్ధాశ్రమంలో చేరాను.

పేరు చూసి చెట్లుంటాయని ఎవరూ అనుకోకండి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగులకు వచ్చే పిల్లల కోసం ఉపేంద్ర అనే ఆయన కట్టిన హాస్టలు అది. కరోనాలో పిల్లలు ఖాళీ చేసి పోతే ఏడాది తాళం వేసి, ఆ తర్వాత మమ్మల్ని పెట్టుకున్నాడు. మంచాలు అవే, మరుగుదొడ్లు అవే. పై హాలు గోడ మీద 'నీ ర్యాంకు నీ చేతుల్లోనే' అని ఎర్ర రంగుతో రాసింది ఇప్పటికీ అలాగే ఉంది. కింద పంతొమ్మిది మందిమి, పెన్షన్లు వచ్చేవాళ్లం, గదుల్లో ఉంటాం. పైన హాల్లో ఇరవై రెండు మంచాలు. అక్కడ ఉన్నవాళ్లలో ఎక్కువమంది నల్లగొండ పల్లెల నుంచి పిల్లల వెంట పట్నం వచ్చి, పిల్లల ఇళ్లు చాలక ఇక్కడికి చేరినవాళ్లు. న్యాయంగా నేను కూడా పైనే ఉండాల్సిన వాణ్ణి. ఆఫీసు రాతకోతలు చూసిపెడతానన్నందుకు ఉపేంద్ర నాకు కింద కిటికీ ఉన్న గది ఇచ్చాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, నేను చేసిన ప్రతి పనికీ వెనక ఆ కిటికీ ఉంది.

ఇక యాదలక్ష్మి సంగతి. పై హాలుకు ఆయా. నలభై ఐదేళ్లుంటాయి, సన్నగా వెదురుకర్రలా ఉంటుంది. పదహారేళ్లకు పెళ్లయి, భర్త తిరుపతి వెంట ఎల్బీనగర్ వచ్చింది. ఇద్దరూ పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ల ఇంటి పనికి వెళ్లేవాళ్లు. పదేళ్ల కిందట తిరుపతి పరంజి మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి అతను మంచం, ఆమె డ్యూటీ.

అంతకు చాలా ముందే, ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లప్పుడు, కడుపునొప్పి అని ఒక ప్రైవేటు దవాఖానకు వెళ్లింది. గర్భసంచి పాడైపోయిందనీ, తియ్యకపోతే క్యాన్సర్ అవుతుందనీ చెప్పి తీసేశారు. కొన్నేళ్లకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నర్సింగ్‌హోమ్‌లో ఊడ్చే పనికి కుదిరినప్పుడు, అక్కడి డాక్టరమ్మకు పాత స్కానింగు కాగితాలు చూపించింది. ఆవిడ వాటిని రెండుసార్లు తిరగేసి, మందు బిళ్లలతో పోయేదమ్మా, ఎందుకు తీయించుకున్నావు అని అడిగిందట.

"నేనేడ తీపిచ్చుకున్న సారూ? నన్ను ఎవ్వరన్న అడిగిండ్రా?" అంది యాదలక్ష్మి నాతో ఆ సంగతి చెప్పినప్పుడు. "కాయితం మీద ఏలు పెట్టమన్నరు, పెట్టిన. గా కాయితంల ఏముందో ఇప్పటిదాంక నాకు ఎర్కలేదు."

ఏడవలేదు. కోపంగా చెప్పింది. ఆ కోపమే ఆమె పనితనం. చదువు రాదు, కానీ మందు బిళ్లలను రంగును బట్టి, అంచును బట్టి, మధ్యలో గీతను బట్టి గుర్తుపట్టేది. పై హాల్లో ప్రతి ముసలివాళ్ల అరచేతిలో బిళ్ల పెట్టేముందు అదేంటో చెప్పేది.

"గిది బీపీ గోలీ అవ్వా. గిది గ్యాస్‌ది, తిన్నంక ఏస్కో. గీ తెల్లది నరాలకు, జర నిద్ర ఒస్తది, బాత్రూంకు ఒక్కదానివి పోకు."

కొత్త బిళ్ల ఏదైనా వస్తే అట్ట పట్టుకుని కిందికి దిగి నా గదికి వచ్చేది. నేను పేరు చదివి, ఫోన్లో చూసి, దేనికో చెప్పేదాకా ఎవరికీ ఇచ్చేది కాదు. మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. 'డాక్టర్ రాశాడుగా, మింగించి పో' అని ఒకసారి కసురుకున్నాను కూడా. ఆమె కదల్లేదు, అట్ట నా ముందుకు ఇంకొంచెం జరిపింది. ఉపేంద్ర ఆమెను 'డాక్టరమ్మ' అని ఎగతాళి చేసేవాడు. పైవాళ్లకు మాత్రం యాదలక్ష్మి చెప్పిందంటే చెప్పిందే. అలాంటి నమ్మకం నా మాటకు ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్కరోజు కూడా రాలేదు.

రెండు వేల ఇరవై మూడు ఆగస్టులో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు వచ్చారు. వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లకు ఊరికే నిమోనియా టీకా వేస్తామన్నారు. ఆశ్రమంలో ఒక్కరు కూడా మిగలకుండా వేయిస్తే సర్టిఫికెట్ ఇస్తామన్నారు, దాన్ని గోడకు పెట్టుకోవచ్చు. ఉపేంద్ర కళ్లు ఆ సర్టిఫికెట్ మీద పడ్డాయి. నా కళ్లు ఫారం మీద పడ్డాయి. అచ్చ తెలుగులో నాలుగే వాక్యాలు. ఈ టీకా ఏమిటో, ఎందుకో, వేస్తే ఏమవుతుందో నాకు అర్థమయ్యే మాటల్లో చెప్పారు. వద్దనే హక్కు నాకు ఉందని చెప్పారు. నా సందేహాలు విన్నారు. నా ఇష్టంతోనే వేయించుకుంటున్నాను. కింద సంతకమో వేలిముద్రో, దాని కింద సాక్షి సంతకం. నా ఉద్యోగంలో అంత మంచి ఫారం నేను చూడలేదు. అంత మంచి ఫారాన్ని అంత తేలిగ్గా చెరిచిన వాణ్ణి కూడా చూడలేదు, అద్దంలో తప్ప.

కిందవాళ్లకు చెప్పడానికి డాక్టరు స్వయంగా వచ్చాడు. కుర్చీలు వేశారు, టీ ఇచ్చారు. అరగంట మాట్లాడాడు, అడిగినవాటికన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. పైకి వెళ్లడానికి ఆయనకు టైము చాలలేదు. 'మీవాళ్లే ఎవరైనా చెప్పండి' అని వెళ్లిపోయాడు. చదువుకున్నవాడికి డాక్టరు, చదువు రానివాడికి ఆయా. దీన్ని అన్యాయమని ఆ రోజు మాలో ఎవరూ అనుకోలేదు.

నిజానికి ఆయాయే డాక్టరు కంటే బాగా చెప్పింది. టీకా గురించి డాక్టరు ఇచ్చిపోయిన కాగితం నా చేత మూడుసార్లు చదివించుకుని పైకి వెళ్లింది. నేను సగం మెట్లెక్కి నిలబడి విన్నాను.

"ఇనుండ్రి. రేపు ఏసేది టీకా. బలం సూది గాదు, నొప్పుల సూది గాదు. చలికాలం దగ్గు ముదిరి ఊపిరితిత్తులల్లకు దిగుతది సూడుండ్రి, నిరుడు అండాలమ్మ అవ్వకు అయినట్టు, అది గట్టిగ రాకుండ కాస్తది. అసలే రాదని జెప్తలేను. ఏసినంక చెయ్యి గుంజుతది, ఒకరిద్దరికి ఒళ్లు ఎచ్చగైతది, రెండు దినాలల్ల పోతది. ఇంతకుముందు ఏ సూదికన్న ఊపిరాడకపోవుడు, ఒళ్లంత దద్దుర్లొచ్చుడు అయితే గిప్పుడే జెప్పాలె. వద్దంటే వద్దు, ఎవ్వరు మిమ్ముల బయటికి పంపరు."

ఇరవై ఒక్కమంది సరేనన్నారు. పెంటమ్మ ఒక్కతే వద్దంది.

పెంటమ్మకు డెబ్బై ఆరేళ్లు. కొడుకు మహిపాల్ టైల్స్ వేసే పని చేస్తాడు. కరోనా రెండో విడతలో ఆమె భర్త మట్టయ్యకు టీకా వేయించారు. నాలుగో రోజు జ్వరం వచ్చి దవాఖానలో చేర్చారు. ఆ మనిషి మళ్లీ ఇంటికి రాలేదు, శవాన్ని కూడా చూపించలేదు. వీధి వీధంతా కరోనాతో మూలుగుతున్న రోజులవి. టీకా వేసేనాటికే రోగం ఆయన ఒంట్లో చేరి ఉంటుందని, టీకాకు పని మొదలుపెట్టే వ్యవధి కూడా లేకపోయిందని ఏ డాక్టరైనా రెండు ముక్కల్లో చెప్పగలడు. రెండేళ్లు గడిచినా ఆ రెండు ముక్కలు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె లెక్కలో మట్టయ్యను టీకాయే తీసుకుపోయింది.

"గా టీకా మాట నా దగ్గర ఎత్తకు బిడ్డా. ఇంకేదన్న జెప్పు, ఇంట," అంది యాదలక్ష్మితో.

యాదలక్ష్మి ఆఫీసు గదికి వచ్చింది. నేను ఫారాలు నింపుతున్నాను, ఉపేంద్ర ఫోను చూసుకుంటున్నాడు.

"పెంటమ్మవ్వ ఒద్దంటుంది సారూ. రెండు దినాలు ఆగుండ్రి. డాక్టరు సారును ఒక్కసారి అవ్వ పక్కకు కూసోబెట్టుండ్రి. మట్టయ్య తాత ఎట్ల పోయిండో జెప్తె అవ్వ ఇంటది. మొండిది గాదు, భయపడ్డది."

"రేపు పొద్దున్నే క్యాంపు," అన్నాడు ఉపేంద్ర. "ఒక్కరి కోసం డాక్టర్‌ని మళ్లీ రమ్మంటామా? ఆ సంగతి నాకు ఇందాకే తెలిసింది, కొడుక్కి ఫోన్ కూడా చేశాను. ఏదో ఒకటి చెప్పి వేసెయ్యండి సార్ అన్నాడు. బలం సూది అని చెప్పు, అయిపోతుంది."

ఈ చుట్టుపక్కల వైద్యం సంగతి తెలిసినవాళ్లకు ఆ మాట ఎంత బాగా పనిచేస్తుందో తెలుసు. నీరసమని ఎవరు దవాఖానకు వెళ్లినా, సూది వేస్తేనే వెళ్లినట్టు లెక్క. బలం సూది అంటే వద్దనే ముసలివాళ్లు లేరు. జబ్బ చాపి ముందే కూర్చుంటారు.

"అవ్వ నన్ను అడుగుతది సారూ."

"అడిగితే చెప్పు. నీకు చెప్పడం రాకనా?" అన్నాడు ఉపేంద్ర. ఫోన్లోంచి తలెత్తి, "తిరుపతి ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. ఎన్నడూ అడగని మనిషి.

యాదలక్ష్మి నా వైపు చూసింది. కొత్త బిళ్ల తెచ్చినప్పుడు చూసినట్టే చూసింది. నేను ఏం చెబితే అదే చేసేదని ఇప్పటికీ నా నమ్మకం. నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. "మంచికే కదమ్మా. టీకా మంచిదే కదా," అన్నాను. ఆ మాటలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందుకే దాన్ని తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మర్నాడు పొద్దున సంస్థ తరఫున లలితకుమారి అనే నర్సు వచ్చి, కింద ఆఫీసు గదిలో కూర్చుంది. నలభై ఒక్క ఫారాలూ నేను ముందే నింపి, నాలుగు వాక్యాలకూ టిక్కులు పెట్టి, సాక్షి సంతకాలు కూడా చేసి సిద్ధంగా ఉంచాను. 'ఎంత నీటుగా ఉన్నాయండీ' అని మెచ్చుకుంది ఆమె. మధ్యాహ్నం నాదర్‌గుల్ వైపు ఇంకో ఆశ్రమానికి వెళ్లాలట, వాచీ చూసుకుంటూనే ఉంది. ఫారాలు చూసింది, మనుషుల్ని ఎవర్నీ ఏమీ అడగలేదు.

పెంటమ్మ వంతు వచ్చింది. తన వేలికి సిరా పూస్తున్న యాదలక్ష్మి మణికట్టును ఆమె పట్టుకుంది.

"ఇదేం సూది బిడ్డా?"

"బలం సూది అవ్వా."

"నిన్న జెప్పిన టీకా గాదు గదా?"

"గాదు."

"నా తోడు?"

నల్లగొండ వైపు ఈ 'తోడు' ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. 'నీ తోడు' అని ఒట్టేస్తే, నేను చెప్పింది అబద్ధమైతే ఆ కీడు నీకు తగలాలని అర్థం. పిల్లలు ఆటల్లో వంద అంటారు. పెద్దవాళ్లు మరో పెద్ద మనిషి చెయ్యి పట్టుకుని అనరు. యాదలక్ష్మి ఒక్క క్షణం తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర ఉపేంద్ర ఫోటోలు తీయడానికి ఫోను సరిచేసుకుంటున్నాడు.

"నీ తోడు అవ్వా. బలం సూదే."

పెంటమ్మ మొహం విచ్చుకుంది. రవిక చెయ్యి తనే పైకి లాక్కుంది. "జర మంచిగ ఏయి మేడం, నడుముల తాకతు లేదు," అని నర్సుతో పరాచికాలాడింది. ఆ నవ్వు మొహాన్నే ఉపేంద్ర ఫోటో తీశాడు. నలభై ఒక్క ఫోటోల్లోనూ అదొక్కటే బాగా వచ్చింది.

బాగా వచ్చింది కనకే గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీదికెక్కింది. 'మా పెద్దలందరికీ నిమోనియా టీకా రక్ష' అని పెద్ద అక్షరాలు, మధ్యలో పెంటమ్మ. ఆమెకు చదవడం రాదు కాబట్టి ఎవరికీ బెంగ లేదు. ఆదివారం మహిపాల్ వచ్చాడు. తల్లిని గేటు దగ్గర ఎండలో కూర్చోబెట్టి, తెచ్చిన బిస్కెట్లు విప్పుతూ ఫ్లెక్సీ చూశాడు.

"ఫోటో మస్తుగ ఒచ్చిందమ్మా! టీకా ఏసుకున్నోళ్లల్ల నీ బొమ్మనే పెద్దగ పెట్టిండ్రు."

"గా దినం ఏసింది టీకనా?"

"అవ్, నేనే ఏయమన్న. నీకు జెప్తె పరేషాన్ ఐతవని."

పెంటమ్మ బిస్కెట్ తినలేదు. కొడుకుతో గొడవ పడలేదు. నేను వరండాలో పేపరు చదువుతున్నాను, అన్నీ వినబడ్డాయి. పేపరు ఇంకొంచెం పైకెత్తుకున్నాను.

ఆ సాయంత్రం యాదలక్ష్మి పైన పెంటమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. అక్కడ జరిగిన మాటలు ఆమె తర్వాత నాకు చెప్పింది. పెంటమ్మ తిట్టలేదట.

"సూది ఏస్తే ఏసిండ్రు తియ్, సావలే గద," అందట. "ఇంకొక్క దినం నా పక్కకు కూసోని జెప్తే నేనే ఏపిచ్చుకుందు బిడ్డా. ఒద్దన్ననే గాని నీ మాట మీదికే నా మనసు ఒస్తుండె. నీ మాట మీదనే గద నేను గీడ బతుకుతున్న. ఇప్పుడు దేన్ని నమ్మాలె?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు యాదలక్ష్మి మర్నాటి నుంచి మరీ వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. పెంటమ్మ వినేది కాదు. అరచెయ్యి చాపేది, బిళ్లలు నోట్లో వేసుకునేది, నీళ్లు తాగేది, గోడవైపు తిరిగి పడుకునేది.

"అవ్వ ఇదేందని అడుగుతనే లేదు సారూ," అని నాతో మొత్తుకుంది యాదలక్ష్మి. "తిట్టినా మంచిగుండు."

"కోపం తగ్గుతుందిలే," అన్నాను. నాకు అంతకంటే తెలియదు. తెలుసుకుందామని మెట్లెక్కనూ లేదు.

ఏడో వారంలో ఒక పొద్దున పెంటమ్మ మంచం దిగబోయి పడిపోయింది. మూతి ఒక పక్కకు వంకరపోయింది, కుడి చెయ్యి పడిపోయింది. దవాఖానలో బట్టలు మారుస్తుంటే నడుముకు దోపుకున్న ఆకూవక్కల సంచి బయటపడింది. అందులో ఆకుల్లేవు. బీపీ బిళ్లలు, నరాల బిళ్లలు సగం కరిగి, సున్నంతో కలిసి ముద్ద కట్టి ఉన్నాయి. రోజూ దవడలో దాచుకుని, గోడవైపు తిరిగి, సంచిలోకి ఉమ్మేసింది. ఇన్నాళ్లుగా బీపీ మందు లోపలికి పోలేదని, మెదడులో నరం చిట్లిందని డాక్టరు చెప్పాడు. తొమ్మిదో రోజు పోయింది.

మహిపాల్ తల బాదుకున్నాడు. మందులు ఎందుకు ఉమ్మేసిందో అతనికి తెలియదు, అతనికి చెప్పినవాళ్లూ లేరు. ఉపేంద్ర 'పెద్ద వయసు' అన్నాడు. సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి ఆఫీసులో నా కుర్చీ ఎదురుగా పెట్టించాడు. రోజూ దాని ముందు కూర్చుని రాతకోతలు చూశాను.

ఏడాది తిరిగింది. మొన్న ఆగస్టులో అదే సంస్థ ఫ్లూ టీకాలతో మళ్లీ వచ్చింది, అదే లలితకుమారి. కింద అందరం వేయించుకున్నాం. పైన ఒక్కరు కూడా చెయ్యి చాపలేదు. కొంగులు భుజాల చుట్టూ బిగించుకుని మంచాల మీద కూర్చున్నారు.

"మేడం, నువ్వు ఏ సూది తెచ్చినవో మాకేం ఎరుక?" అంది ముత్తమ్మ అనే ఆమె. "పోయినేడు టీకా అంటిరి, మల్ల పెంటవ్వకు బలం సూది అంటిరి. ఏది నిజమో మీకే తెల్వాలె."

లలితకుమారి మొహం మాడిపోయింది. ఉపేంద్రను పిలిపించింది, నన్నూ రమ్మంది. నేను పై హాల్లోకి అడుగుపెట్టడం అదే మొదలు. బలం సూది అని ఎవరు చెప్పారని నర్సు అడిగింది. పోయినేడు తను ఎవర్నీ అడక్కుండా సూది వేసి వెళ్లిన సంగతి ఆమెకు గుర్తులేదు. తప్పు ఎవరి మీద రాయాలన్నదే ఆమె తొందర.

"నేను చెప్పమనలేదు మేడం," అన్నాడు ఉపేంద్ర, ఇంకా ఎవరూ అతని పేరెత్తకుండానే.

యాదలక్ష్మి చేతిలో ఉన్న నీళ్ల చెంబు కింద పెట్టింది.

"నేనే జెప్పిన మేడం. టీకా అని తెలిసి, బలం సూది అని జెప్పి, అవ్వ తోడు అని ఒట్టేసిన. అది తెలిసినంక అవ్వ నా చేతి గోలీ ఒక్కటి మింగలే. అందుకే సచ్చిపోయింది." అందరికీ వినబడేలా చెప్పింది. ఎవరి కోసమూ గొంతు తగ్గించలేదు.

లలితకుమారి సంచిలోంచి పోయినేటి ఫారాల కట్ట తీసి, పెంటమ్మది వెతికి పట్టుకుంది.

"అన్నీ వివరించారని టిక్కులున్నాయి. సాక్షి సాంబమూర్తి గారు. ఏమండీ, మీకు తెలుసా ఈ సంగతి?"

ఇరవై ఒక్కమంది నన్ను చూస్తున్నారు. ఉపేంద్ర కూడా చూస్తున్నాడు. నా గది, కిటికీ, హయత్‌నగర్‌లో మంచం పట్టని ఇల్లు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పమన్నా చెప్పలేను.

"సారుకు తెల్వదు మేడం," అంది యాదలక్ష్మి. "అందరికి జెప్పిన అంటే నా మాట నమ్మి సంతకం పెట్టిండు."

నేను కాదనలేదు.

ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. బట్టల సంచి పట్టుకుని నా గది గుమ్మం దగ్గరికి వచ్చింది. సిగ్గుతో తల ఎత్తలేక, "నన్నెందుకు కాపాడావమ్మా?" అని అడిగాను. నా మీద జాలిపడిందనుకున్నాను. అంత అదృష్టం కూడా నాకు లేదు.

"మీకోసం గాదు సారూ," అంది. "నా మాట పోయింది. పైన నన్ను ఇంకెవ్వరు నమ్మరు. మీ మాట గూడ పోతే వాళ్లకు జెప్పేటోళ్లు ఎవరున్నరు? రేపటి సంది మీరే పైకి పోయి జెప్పుండ్రి, ఏ గోలీ ఏందో, ఏ సూది ఏందో. మీకు సదువొచ్చు." నా జవాబు కోసం ఆగలేదు. తిరుపతికి అన్నం పెట్టే వేళయిందని వెళ్లిపోయింది.

నాలుగు నెలలైంది. పైకి కొత్త ఆయా వచ్చింది. కప్పుల్లో బిళ్లలు పోసి, మాటా పలుకూ లేకుండా మంచం మంచానికీ పెట్టి పోతుంది. ముత్తమ్మ రెండుసార్లు కబురు పంపింది, కొత్తగా ఇస్తున్న పచ్చ బిళ్ల దేనికో సారును వచ్చి చూసి చెప్పమని. పైకి పద్దెనిమిది మెట్లు. మోకాళ్ల నొప్పులని చెప్పి పంపిస్తున్నాను. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి.